పాత కారుకు కొత్త నరాలు



మీలో చాలామంది అంబాసిడర్ కారును సినిమాల్లోనే చూసి ఉంటారు. మీ తాతల, నాన్నల కాలంలో మాత్రం కారంటే అదే. కలెక్టరు గారు వచ్చినా, పెళ్ళికొడుకు ఊరేగినా, తిరుపతి స్టేషన్ ముందు యాత్రికులు బాడుగ మాట్లాడుకున్నా ఆ కారే కనబడేది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుండి 2014 వరకు దానిని తయారుచేసింది. ఇప్పుడు అలాంటి బండ్లను వెదికి కొని, బాగుచేయించుకునేవారు ఉన్నారు. 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడని వాహనాలను ‘వింటేజ్’ పేరుతో రిజిస్టరు చేసుకోవడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు కూడా తెచ్చింది.

పాత కారు బాగుచేయడమంటే అందరికీ గుర్తొచ్చేది టింకరింగు, పెయింటింగు. అవి కంటికి కనబడతాయి. వైరింగు కనబడదు. కాని రంగు వెలిసినందువల్ల ఎవరి ప్రాణమూ పోదు. తీగ కాలితే బండీ పోతుంది, లోపలివారికీ ప్రమాదమే. అందుకే ఆ కనబడని పని గురించి ఈ నాలుగు మాటలు.

తీగ ఎందుకు చెడిపోతుంది?

రాగి తీగ అంత త్వరగా చెడిపోదు. దాని మీది తొడుగు చెడిపోతుంది. ఇంజను వేడికి, మన రాయలసీమ ఎండలకు ఆ తొడుగు గట్టిపడి పగుళ్ళిస్తుంది. షెడ్డులో చాలాకాలం నిలబెట్టిన బండిలో ఎలుకలు తీగలు కొరుకుతాయి. బయటపడిన రాగి కారు బాడీకి తగిలితే షార్టు అవుతుంది. ఇదిగాక హారన్‌కు ఒకరు, టేప్‌రికార్డరుకు ఇంకొకరు ఎక్కడపడితే అక్కడ తీగ గీరి, మెలిపెట్టి, టేపు చుట్టిన అతుకులుంటాయి. అసలు జబ్బు చాలావరకు ఆ అతుకుల్లోనే ఉంటుంది.

పదో తరగతి పాఠమే ఇక్కడా

ఓమ్ సూత్రం మనం పరీక్ష కోసం చదివాం. అది కారులో ఎలా పనిచేస్తుందో చూడండి. 12 వోల్టుల బ్యాటరీ మీద 60 వాట్ల హెడ్‌లైటు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు లైట్లకు 10 ఆంపియర్లు. ఆ దారిలో తుప్పుపట్టిన ఒక అతుకు నిరోధం 0.2 ఓమ్‌లే అనుకుందాం. 10 × 0.2 = 2 వోల్టులు అక్కడే పోతాయి. బల్బుకు మిగిలేది 10 వోల్టులు. ఫిలమెంటు బల్బులో వోల్టేజి కొంచెం తగ్గినా వెలుగు చాలా తగ్గుతుంది. 10 వోల్టులకు వెలుగు దాదాపు సగమే. రాత్రిపూట భాకరాపేట ఘాట్‌లోనో, మొగిలి ఘాట్‌లోనో మలుపు తిరిగేటప్పుడు ఆ తేడా ఎంతటిదో ఊహించండి.

మరి ఆ పోయిన శక్తి ఏమైంది? 10 × 10 × 0.2 = 20 వాట్ల వేడిగా మారింది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు సరిపోయే వేడి అది. డాష్‌బోర్డు వెనుక టేపు చుట్టిన అతుకులో అలాంటి వేడి పుడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

తీగ మందం కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. 10 ఆంపియర్లు మోసే 4 మీటర్ల రాగి తీగ 0.5 చదరపు మిల్లీమీటర్లదైతే సుమారు 1.4 వోల్టులు పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 వోల్టుకు మించదు.

తిరుగు దారి

ఇంట్లో బల్బుకు రెండు తీగలుంటాయి. కారులో చాలా వాటికి ఒకటే తీగ. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది ఇనుప బాడీ గుండా. దీనినే మెకానిక్కులు ‘ఎర్త్’ అంటారు. కొత్త తీగలన్నీ వేసి, ఎర్త్ బిగించేచోట తుప్పు, పెయింటు గీకకపోతే లైటు మసకగానే వెలుగుతుంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కనుక దానికీ బాడీకీ మధ్య మందమైన ఎర్త్ పట్టీ తప్పనిసరి. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. పట్టీ తెగితే ఆ కరెంటు సన్నటి చోక్ కేబుల్ గుండా దారి వెదుక్కుని దానిని ఎర్రగా కాల్చగలదు.

మరొక జాగ్రత్త. పాత బ్రిటిష్ డిజైను బండ్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. ఇప్పటి పద్ధతి నెగటివ్ ఎర్త్. ఇది చూసుకోకుండా బ్యాటరీ తగిలిస్తే ఆల్టర్నేటరులోని డయోడ్లు కాలిపోతాయి.

రంగుల భాష

బ్రిటిష్ పద్ధతి వైరింగులో ప్రతి రంగుకూ అర్థముంది. గోధుమ రంగు బ్యాటరీ నుండి నేరుగా వచ్చేది. తెలుపు ఇగ్నిషన్ తాళం తిప్పాక వచ్చేది. ఆకుపచ్చ ఆ తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పార్కింగు, వెనుక లైట్లకు, నలుపు ఎర్త్‌కు. కొత్త తీగలు వేసేటప్పుడు ఈ రంగులే పాటిస్తే రేపు ఇంకొకరు ఆ బండిని విప్పినా తికమకపడరు.

ఫ్యూజు ఎవరి కోసం?

ఫ్యూజు బల్బును కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పుందని అర్థం. ఆ తప్పు వెదకకుండా సిగరెట్ పెట్టెలోని మెరుపు కాగితం చుట్టడం బండికి నిప్పు పెట్టడమే. పాత కార్లలో ఫ్యూజులు చాలా తక్కువ. హెడ్‌లైట్లకు ఫ్యూజే లేని బండ్లూ ఉన్నాయి. కొత్తగా వైరింగు చేసేటప్పుడు ముఖ్యమైన ప్రతి లైనుకూ ఫ్యూజు, హెడ్‌లైట్లకు రిలే పెట్టడం మంచిది. రిలే ఉంటే పెద్ద కరెంటు పాత స్విచ్చి గుండా పోదు.

పని వరుస

1. ముందుగా బ్యాటరీ ఎర్త్ వైపు విప్పాలి. రెండోవైపు ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి షార్టు కావచ్చు.
2. ప్రతి తీగ చివరా చీటీ అంటించి, పుస్తకంలో బొమ్మ గీసుకోవాలి.
3. పాత తీగల కట్టను కత్తిరించకుండా మొత్తంగా తీసి నేల మీద పరచాలి. కొత్తదానికి అదే కొలత.
4. తీగ ఇనుప రేకులోని రంధ్రం దాటేచోట రబ్బరు బుష్ పెట్టాలి.
5. తీగ చివరలు మెలిపెట్టకుండా లగ్గులు వేసి గట్టిగా నొక్కాలి.
6. చివరగా అన్ని స్విచ్చిలు ఆపి, బ్యాటరీకీ ఎర్త్‌కూ మధ్య ఒక 21 వాట్ల బల్బు కలపాలి. అది వెలిగితే ఎక్కడో షార్టు ఉంది. వెలగకపోతే బ్యాటరీ నేరుగా కలపవచ్చు.

మన తిరుపతి పక్కనే కరకంబాడిలో అమరాన్ బ్యాటరీలు తయారవుతున్నాయి. ఆ 12 వోల్టుల బ్యాటరీలో ఒక్కొక్కటి 2 వోల్టుల చొప్పున ఆరు సెల్లులుంటాయి. ఇది కూడా మన పాఠ్యపుస్తకంలోని శ్రేణి సంధానమే. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్లు చదవాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి. స్పానరు పట్టగలిగినవారు చాలామంది ఉన్నారు. తీగ ఎందుకు వేడెక్కిందో కాగితం మీద లెక్కవేసి చెప్పగలిగినవారు తక్కువ. ఆ లెక్క మీ సైన్సు పుస్తకంలోనే ఉంది. మార్కుల కోసమే కాక, పని కోసం కూడా దానిని నేర్చుకోండి.