తలుపు తట్టింది కరెంటు వాళ్ళయితే...

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పొద్దున్నే కాఫీలు, టిఫిన్లు, కారియర్లు, పిల్లల బస్సు, ఈ హడావిడంతా సద్దుమణిగాక పదకొండు గంటల వేళ ఇంట్లో మిగిలేది మనమే కదా. గ్యాసు బండవాడు కానివ్వండి, కొరియరు కుర్రాడు కానివ్వండి, ఆ వేళ తలుపు తట్టిన ప్రతివాళ్ళకీ జవాబు చెప్పుకోవలసిందీ మనమే. అలా తట్టేవాళ్ళలో కరెంటాఫీసు వాళ్ళ గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం. అందులోనూ, అద్దె ఇళ్ళలో ఉంటున్న ఇల్లాళ్ళు కాస్త చెవి ఒగ్గి వినాలని నా మనవి.

ముందు నా అనుభవం చెబుతాను. పన్నెండేళ్ళ కిందట మేం బదిలీ మీద ఒక పట్నం వెళ్ళి, ఓ మేడలో కింది వాటాలో దిగాం. దిగిన రెండో నెల. మండే మే నెల. కుక్కరు రెండో విజిలు వేస్తూంటే ఇద్దరు మనుషులు వచ్చారు. "బకాయి ఉందమ్మా, సర్వీసు కట్ చేస్తున్నాం" అంటూ, నేను అవునూ కాదూ అనేలోపే హాల్లోకి వచ్చేశారు. మా మీటరు లోపలి గోడకే ఉండేది. "మొన్ననే బిల్లు కట్టామండీ" అన్నాను. "ఇది పాత బాకీ" అన్నారు. మీరెవరు, కాయితం ఏదీ అని అడగాలని కూడా నాకు తోచలేదు. ఐదు నిమిషాల్లో పని కానిచ్చుకుని వెళ్ళిపోయారు. మా అత్తగారికి ఉబ్బసం. ఆ రాత్రి తెల్లవార్లూ విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను.

మర్నాడు మావారు సెలవు పెట్టి తిరిగితే తేలిందేమిటంటే, ఆ బాకీ మాకు ముందు ఆ వాటాలో ఉన్నవాళ్ళది. మొదటి బిల్లులో బకాయి గడిలో అంకె ఉండనే ఉంది. "ఆ నెలది మీరు కట్టెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు ఇంటావిడ. ఆవిడ చూసుకోనూ లేదు, మేం మళ్ళీ అడగనూ లేదు. మరి నోటీసైనా ఇవ్వాలిగా అంటారా? ఇచ్చారండీ! సర్వీసు ఇంటివారి తాతగారి పేరున ఉండేది. ఆ పేరుతో వచ్చిన కాయితం మనది కాదు కదా అనుకుని, నేనే వంటింటి అలమారలో ఊరగాయ జాడీల కింద పరిచాను!

తప్పు కొంత ఇంటావిడది, కొంత నాది. అసలు నియమాలేమిటో తెలిసి ఉంటే ఆ రాత్రి మా అత్తగారికి ఆ అవస్థ తప్పేది. తర్వాత పట్టుబట్టి తెలుసుకున్నాను. దేశమంతటికీ వర్తించే విద్యుత్ చట్టం 2003లో వచ్చింది. దాని ప్రకారం కరెంటు వాళ్ళు మన గడప దాటే సందర్భాలు ముఖ్యంగా మూడు. ఈ మూడింటికీ నియమాలు వేరువేరు. వచ్చినవాళ్ళు ఏ పని మీద వచ్చారో తెలుసుకుంటే సగం భయం పోతుంది.

మొదటిది, మీటరు చూడడానికో, తీగలు బాగుచెయ్యడానికో, సరఫరా ఆపేసిన చోట తమ సామాను తీసుకుపోవడానికో రావడం. ఇది చట్టంలో 163వ సెక్షను. సమంజసమైన వేళలో, ఇంట్లో ఉన్నవాళ్ళకి సంగతి తెలియజేసి లోపలికి రావచ్చునని అందులో ఉంది. 'ఇంట్లో ఉన్నవాళ్ళు' అంటే ఇల్లుగలవాళ్ళే కానక్కరలేదు, అద్దెకున్న మనమూ అవుతాం. అంటే వచ్చినవాళ్ళు మనతో చెప్పి రావాలి. మీటరు దాకా వచ్చే వైర్లు వాళ్ళవి. అక్కడినించి మన ఇంట్లో ఉన్న వైరింగు, స్విచ్చులు, ఫ్యాన్లు మన సొంతం. వాటిని పరీక్షించాలంటే మాత్రం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ప్రత్యేకమైన ఉత్తర్వు ఉండాలి. పైగా ఇరవైనాలుగు గంటల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి.

అయితే మనం రానివ్వం అంటే ఏమవుతుంది? తోసుకుని రమ్మని ఈ సెక్షను చెప్పలేదు. మళ్ళీ రాతపూర్వకంగా నోటీసిచ్చి, ఇరవైనాలుగు గంటలు గడిచాక సరఫరా ఆపవచ్చు. మనం ఒప్పుకోనంత కాలమే ఆపాలి, ఆ తర్వాత ఆపకూడదు. కనక న్యాయమైన పని మీద వచ్చినవాళ్ళని ఊరికే అడ్డుకుని లాభం లేదు. అడగవలసింది అడిగి, దగ్గరుండి పని చేయించుకుని పంపడమే మేలు.

రెండోది, బాకీ కోసం కరెంటు తీసెయ్యడం. ఇది 56వ సెక్షను. దీనికి పదిహేను రోజులకి తక్కువ కాకుండా గడువిచ్చి, రాతపూర్వకంగా నోటీసివ్వాలి. నోటిమాట చాలదు. కాని ఇక్కడో మెలిక ఉంది. ఆ నోటీసుని ఇంట్లో ఎవరి చేతికిచ్చినా ఇచ్చినట్టే. ఇంట్లో ఎవరూ లేకపోతే కనిపించే చోట అంటించినా చెల్లుతుంది. అందుకని పేరు మనది కాకపోయినా, సర్వీసు నంబరు మన మీటరుదైతే ఆ కాయితం మనదే అనుకోవాలి. నాలాగ జాడీల కింద పరచకండి!

బిల్లు అన్యాయంగా వచ్చిందనుకోండి. నెలకి తొమ్మిది వందలొచ్చే ఇంటికి ఒక నెల తొమ్మిదివేలు వేశారు. అంత సొమ్ము తెచ్చి కడితే తప్ప కరెంటు నిలవదని దిగులుపడతాం. అలా పడనక్కరలేదు. వాళ్ళు అడిగిన మొత్తమో, గడిచిన ఆరు నెలలూ మనం కట్టిన సగటు లెక్కన వచ్చే మొత్తమో, రెండింటిలో ఏది తక్కువైతే అది 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసిచ్చి కడితే, తగాదా తేలేదాకా కరెంటు తీసెయ్యకూడదని ఆ సెక్షనులోనే ఉంది. మన లెక్కలో ఆ నెలకి తొమ్మిది వందలే కట్టాలన్నమాట. ఈ ఒక్క ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి.

మూడోది కాస్త గట్టిది. అదే కరెంటు దొంగతనం అనుమానం మీద సోదాకి రావడం. 135వ సెక్షను. ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారికి, కారణం ఉందనిపిస్తే, తలుపు పగలగొట్టి వెతికే హక్కు కూడా ఉంది. ఇక్కడ పదిహేను రోజుల నోటీసు ఉండదు. దొంగతనం కనబడితే అప్పటికప్పుడే కరెంటు తీసేస్తారు. కాని వాళ్ళకీ కట్టుబాట్లున్నాయి. సోదా జరిగినంతసేపూ ఇంట్లో వాళ్ళో, వాళ్ళ తరఫువాళ్ళో అక్కడ ఉండాలి. పట్టుకుపోయే ప్రతి వస్తువూ జాబితా రాసి ఇవ్వాలి, దాని మీద మన సంతకం తీసుకోవాలి. కరెంటు తీసిన ఇరవైనాలుగు గంటల్లోగా పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వాళ్ళు లెక్కగట్టిన సొమ్ము కడితే నలభై ఎనిమిది గంటల్లోగా సరఫరా తిరిగి ఇవ్వాలి.

అన్నిటికన్నా మనకి ముఖ్యమైన సంగతి ఇంకొకటి. కాపురం ఉండే ఇళ్ళలో, సూర్యాస్తమయం నించి సూర్యోదయం దాకా, ఆ ఇంట్లో ఉంటున్న పెద్దవయసు మగమనిషి ఎదుట ఉంటే తప్ప సోదా చెయ్యకూడదు. మధ్యలో ఈ మగవాళ్ళ ప్రసక్తి ఏమిటని మీకు చిరాకు వెయ్యవచ్చు, నాకూ వేసింది. కాని రాత్రి తొమ్మిదింటికి పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి అదే పెట్టని కోట. "పొద్దున్న రండి" అని ధైర్యంగా చెప్పవచ్చు.

జాబితా మీద సంతకం చేసేటప్పుడు పూర్తిగా చదివి చెయ్యండి. ఖాళీలున్న కాయితం మీద చెయ్యకండి. రాసినదానితో మీరు ఒప్పుకోకపోతే, ఆ మాటే సంతకం పక్కన రాయండి.

ఇది మన దగ్గరే ఉన్న తగాదా అనుకోకండి. మన పిల్లలు ఎందరో చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళి అద్దెకుంటున్న బ్రిటనులో, బాకీ పడ్డ ఇంట్లోకి మేజిస్ట్రేటు వారంటుతో వెళ్ళే పద్ధతి 1954 నాటి చట్టం ప్రకారం ఉంది. జబ్బు మనుషులూ పసిపిల్లలూ ఉన్న ఇళ్ళలో కూడా అలా చొరబడి, ముందు డబ్బు వేస్తేనే వెలిగే మీటర్లు బిగిస్తున్నారని 2023 ఫిబ్రవరిలో పత్రికలు బయటపెట్టాయి. పెద్ద గొడవై ఆ పని ఆపించారు. 2024లో మళ్ళీ మొదలుపెట్టనిచ్చినా, రెండేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకీ, డెబ్బై అయిదేళ్ళు దాటి వేరే తోడు లేనివాళ్ళ ఇళ్ళకీ మినహాయింపు పెట్టారు. పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక్క మాట చెవిన వెయ్యండి: ఇంట్లో దిగిన రోజునే మీటరు అంకె రాసిపెట్టుకోమని, పాతవాళ్ళ పేరున వచ్చే ఉత్తరాలు పారెయ్యవద్దని.

సరే, మన గుమ్మం దగ్గరికి వద్దాం. ఎవరో తలుపు తట్టి "కరెంటాఫీసు నించి" అన్నారు. గొలుసు తియ్యకుండానే గుర్తింపు కార్డు చూపించమనండి. పేరు, హోదా రాసుకోండి. ఏ పని మీద వచ్చారు, కాయితం ఏదీ అని అడగండి. సర్వీసు నంబరు మీదేనా, పక్క వాటాదా అని సరిచూసుకోండి. అనుమానం తగిలితే 1912కి ఫోను చేసి కనుక్కోండి. పక్కింటి పిన్నిగారినో, ఎదురింటి అక్కయ్యగారినో కేకేసి తోడు పెట్టుకోండి. మీటరు ఫొటో మీ ఫోనులో తీసుకోండి. ఇవన్నీ మర్యాదగానే అడగండి. నిజమైన ఉద్యోగి అయితే ఏమీ అనుకోడు. కంగారుపెట్టి, "డబ్బిస్తే వెళ్ళిపోతాం" అన్నాడంటే అతని సంగతి అప్పుడే తేలిపోయినట్టు. "ఈ రాత్రికే కరెంటు పోతుంది, ఈ నంబరుకి ఫోను చెయ్యండి" అని వచ్చే మెసేజీలు కూడా ఆ బాపతువే, నమ్మకండి.

ఇక అద్దెకు దిగే ముందు చూసుకోవలసినవి. గాలీ వెలుతురూ, నీళ్ళూ చూస్తాం, వాస్తు కూడా చూస్తాం. ఆఖరి కరెంటు బిల్లు మాత్రం అడగం! అది అడిగి, బకాయి గడి చూడండి. పాత బాకీ ఉంటే అడ్వాన్సు ఇచ్చే ముందే తీర్చమనండి. సర్వీసు ఇంటివారి పేరున ఉన్నన్నాళ్ళూ ఆ బాకీ ఆ మీటరుతోపాటే ఉంటుంది, చీకటి మాత్రం మన పాలవుతుంది. మీటరుకి సీలు సరిగా ఉందో లేదో చూడండి. సీలు తెగి ఉన్నా, మీటరుని తప్పించి వైరు లాగినట్టున్నా దిగిన రోజునే ఇంటివారికీ కరెంటాఫీసుకీ రాసిచ్చి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి. లేకపోతే ఎవరో చేసిన దొంగతనానికి మనం సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఇంటివారే కక్షకట్టి కరెంటు ఆపితే? అటువంటప్పుడు అద్దెకున్నవాళ్ళు తమ పేరున కనెక్షను అడగవచ్చు. ఇంటి యజమానే కాదు, అందులో ఉంటున్నవాళ్ళు అడిగినా ఇవ్వాలని 43వ సెక్షను చెబుతోంది. కరెంటు కనీస వసతి అనీ, ఇంటివారి అంగీకార పత్రం లేదన్న సాకుతో అద్దెకున్నవాళ్ళకి కరెంటు లేకుండా చెయ్యకూడదనీ 2022లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

జరగవలసిన అన్యాయం జరిగిపోయిందనుకోండి. ప్రతి కరెంటు పంపిణీ సంస్థకీ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. తెల్లకాయితం మీద సర్వీసు నంబరు, జరిగిన తేదీ, వచ్చినవాళ్ళ పేర్లు, జరిగిన సంగతి వరసగా రాసి ఇవ్వవచ్చు. లాయరుని పెట్టుకోనక్కరలేదు. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. దొంగతనం కేసులు మాత్రం ఈ వేదిక పరిధిలోకి రావు. అవి ప్రత్యేక కోర్టులో తేలవలసిందే.

చట్టాలూ సెక్షన్లూ మనకెందుకులే, మగవాళ్ళు చూసుకుంటారులే అనుకుంటాం. కాని పదకొండు గంటల వేళ తలుపు తీసేది మనం. చీకట్లో పెద్దవాళ్ళకి విసిరేదీ మనమే. అందుకే ఇంత చెప్పాను. నేనైతే ఇప్పటికీ జాడీల కింద పరిచే ముందు ప్రతి కాయితాన్నీ రెండువైపులా చదువుతాను. మీరూ చదవండి.

ఉంటాను మరి, సెలవు.