హైదరాబాద్ పేరు మీద ఎగిరి, తిరిగి రానివాళ్లు

మన ఉమ్మడి జిల్లాలో నిజాం పేరు ఎక్కడెక్కడ ఉందో చిన్నపిల్లలైనా చెబుతారు. ఇందూరు నిజామాబాద్ అయింది. మంజీర మీద 1931లో పూర్తయిన ఆనకట్ట నిజాంసాగర్. ఆ నీళ్లతో పండిన చెరకు కోసం బోధన్ శక్కర్‌నగర్‌లో వెలసింది నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 2015 డిసెంబరులో దానికి తాళం పడినా ఆ పేరు మన రైతుల నోట పోలేదు. అయితే ఆ ఆనకట్ట, ఆ ఫ్యాక్టరీ పుట్టకముందే నిజాం పేరు యుద్ధవిమానాల మీదికి ఎక్కిన సంగతి మనలో ఎందరికి తెలుసు?

మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఒక్కో విమానం మీద నిజాం కానుక అని రాశారు. దళానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అన్న పేరు స్థిరపడింది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరిన ఆ దళం రెండు నెలల్లోనే శత్రువు చేతిలో 17 విమానాలు, ప్రమాదాల్లో మరో 28 పోగొట్టుకుంది. వాటిలో ఒకటి, ఎఫ్1010, అక్టోబరు 5న జర్మనీలో దిగింది. లోపలి ఇద్దరూ బందీలయ్యారు. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టిన ఆ విమానం తర్వాత పోలండ్ చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారుగా బ్రిటన్‌కు తిరిగొచ్చి, లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియం చేరింది.

ఆ డబ్బు నిజాందేనా? రాజ్యపు రాబడిలో పెద్ద పాలు భూమిశిస్తు. ఆ శిస్తు కట్టినవాళ్లలో ఇందూరు, బోధన్ రైతులూ ఉన్నారు. యుద్ధానికి ఇవ్వాలా వద్దా అని వాళ్లను ఎవరూ అడగలేదు. అందుకే ఈ కథ దర్బారుది మాత్రమే కాదు, మనదీ అంటున్నాను.

రెండో ప్రపంచయుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన మొదటి దాడికి వెళ్లిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో ఈ స్క్వాడ్రన్‌వీ ఉన్నాయి. అది పగటి దాడి. మరుసటి ఏడు ఫ్రాన్స్ పడిపోయాక బ్లెన్‌హైమ్ దళాలు రాత్రిళ్లు కూడా కదిలాయి. ఇంగ్లండ్ మీదికి దండెత్తడానికి జర్మన్లు తీరంలో పోగేసిన పడవలే గురి.

బ్లెన్‌హైమ్‌లో ఉండేది ముగ్గురు. నడిపేవాడు, దారి లెక్కగట్టి బాంబు వదిలేవాడు, వైర్‌లెస్‌తో పాటు తుపాకీ చూసుకునేవాడు. కింద ఊళ్లన్నీ దీపాలార్పుకుని ఉంటాయి. గాలి వేగం అంచనా కాస్త తప్పితే చాలు, తిరుగుదారిలో తీరం దొరకదు, ఇంధనం అయిపోతుంది. సముద్రంలో పడితే చూసేవాళ్లుండరు. ఇంటికి 'ఆచూకీ లేదు' అని తంతి వెళ్లేది. నెలలు గడిచాక మరణించినట్టు భావిస్తున్నామని ఇంకో కబురు. శవం రాదు, సమాధి ఉండదు. ఆ తల్లిదండ్రుల గతి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఇలా బ్రిటన్ నుంచీ యూరప్ నుంచీ ఎగిరి సమాధికి నోచుకోని ఇరవై వేలమందికి పైగా వైమానికుల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం గోడల మీద చెక్కి ఉన్నాయి. బ్రిటిష్ బాంబర్ దళాల విభాగమైన బాంబర్ కమాండ్ మొత్తంలో చనిపోయినవాళ్లు 55,573 మంది. లండన్ గ్రీన్‌పార్క్‌లో వాళ్లకు స్మారకం లేచింది 2012లో. అంత ఆలస్యానికి కారణం లేకపోలేదు. వాళ్ల బాంబుల కింద జర్మన్ నగరాల్లో లక్షలమంది పౌరులు పోయారు. ఆ చావులను మరిచి ఈ కుర్రాళ్లను స్మరించడం న్యాయం కాదు. రెండూ కలిపే తలచుకోవాలి.

1942లో 110వ స్క్వాడ్రన్ మన దేశానికే వచ్చింది. బర్మా మీద పోరాడింది. ఆ ప్రాంతంలో ఆచూకీ దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉన్నాయి. మలయాలో నేలకొరిగి సమాధి దొరకని భారతీయ సైనికుల పేర్లూ అక్కడే చెక్కారు. 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానాశ్రయం దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొన్నవాళ్లలో హైదరాబాద్ సంస్థానపు పదాతిదళమూ ఉంది. హైదరాబాద్ పేరు మోసిన పరాయి పిల్లలనూ, హైదరాబాద్ నుంచే వెళ్లిన మన పిల్లలనూ కలిపి తలచుకునే చోటు అది.

అలాంటి చోటు ఇందూరులోనూ ఉండాలి. జిల్లా గ్రంథాలయంలో ఒక గది మూల, ఈ కథ చెప్పే ఒక పలక చాలు. కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థ జాబితాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ తాతల్లో ఎవరైనా ఆ యుద్ధానికి వెళ్లి తిరిగి రాకపోతే పేరు వెతకండి. పాత పెట్టెలో పతకమో ఉత్తరమో దొరికితే పారేయకండి, గ్రంథాలయానికి ఒక నకలు ఇవ్వండి.