మీకు తెలుసా? పాత థర్మోస్టాట్‌లో పాదరసం!

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లు కొందరు గోడ మీద గుండ్రటి థర్మోస్టాట్ చూసే ఉంటారు. డిజైనర్ హెన్రీ డ్రేఫస్ రూపమిచ్చిన ఈ హనీవెల్ కంపెనీ పరికరం 1953లో వచ్చింది. మూత తీస్తే రెండు లోహాలను అతికించి చుట్టిన స్ప్రింగు, దానికి చిన్న గాజు గొట్టం, అందులో తళతళలాడే పాదరసం బొట్టు. గది చల్లబడితే స్ప్రింగు మెలి తిరిగి గొట్టం వాలుతుంది. పాదరసం జారి రెండు తీగల కొసలను కలపగానే హీటరు మొదలవుతుంది. బ్యాటరీతో పనే లేదు, ఎంత చక్కటి ఆలోచన!

ఈ పాత థర్మోస్టాట్ తీసి కొత్తది పెట్టేటప్పుడు ముందు కరెంటు ఆపండి. ఏ తీగ పరికరం మీద ఉన్న ఏ అక్షరం దగ్గరుందో ఫొటో తీసుకోండి, రంగును నమ్మకండి. గొట్టంలో సుమారు 3 గ్రాముల పాదరసం ఉంటుంది. పగలనివ్వకుండా, చెత్తబుట్టలో వేయకుండా ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి.