తల్లి లేని కోడిపిల్లలకు తల్లి వేడి

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామాలలో పాడి వున్న ఇంట నాలుగు కోళ్ళు లేకుండా వుండడం అరుదు. పాల బిల్లు వచ్చిన నాడే దాణాకు, అప్పుకు, పిల్లల చదువుకు పంపకమై పోతుంది. గుడ్ల మీద, పుంజు మీద వచ్చే డబ్బు మాత్రం ఇల్లాలి కొంగున నిలుస్తుంది. అందుచేతనే మన సంఘాలలోని సోదరీమణులు కోడిపిల్లలను తెచ్చుకొని పెంచడానికి ముందుకు వస్తున్నారు. తెచ్చిన యాభై పిల్లలలో పదిరోజులు తిరిగేసరికి సగం పోయాయని దిగులుపడేవారు కూడా వీరిలో వున్నారు. అడిగితే తెగులు తగిలిందంటారు. మొదటి వారంలో చచ్చే పిల్లలలో చాలావాటికి తెగులు వుండదు. చలి, దాహం, ఊపిరాడకపోవడం - ఈ మూడే వాటిని తీసుకుపోతాయి. ఈ మూడూ మన చేతిలో వున్నవే.

నాటు పెట్ట తానే పొదిగి, తానే రెక్కల కింద దాచి పిల్లలను తిప్పుకుంటుంది కనుక మనకు ఈ బెడద తెలియదు. గద్ద, ముంగిస తన్నుకుపోగా మిగిలినవి పెరిగేవి. ఇప్పుడు తెచ్చుకుంటున్నవి వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లలు పొదిగే యంత్రంలో పుట్టి, ఒక రోజు వయసులో అట్టపెట్టెలో మన ఇంటికి వస్తాయి. వాటికి తల్లి లేదు. ఆ లోటు తీర్చే ఏర్పాటునే బ్రూడరు అంటారు. పేరు పెద్దదే గాని పని చిన్నది.

కోడి ఒంటి వేడి 106, 107 డిగ్రీల ఫారన్‌హీట్ వుంటుంది. ఒకరోజు పిల్లకు వుండేది నూగు మాత్రమే. అసలు ఈకలు వచ్చేవరకు, అంటే ఇంచుమించు మూడు వారాల దాకా, తన వేడిని తాను నిలుపుకోలేదు. పొట్టలో మిగిలిన పచ్చసొనతో రెండు మూడు రోజులు తిండి లేకుండా బతకగలదు. పెట్టెలో అంత దూరం ప్రయాణం చేసి రాగలగడం అందువల్లనే. కాని చలిని ఒక్క రాత్రి కూడా ఓర్చుకోలేదు. కనుక పిల్లలను తెచ్చిన తర్వాత చోటు వెతుక్కోవడం పనికిరాదు. పిల్లలు వచ్చేనాటికి ముందురోజే బ్రూడరు వెలిగించి, నేల వెచ్చబడి వుండాలి.

యాభై పిల్లలకు నాలుగడుగుల అడ్డకొలత వున్న గుండ్రని దడి చాలు. అట్టముక్కలు, పాత రేకు, ఈతచాప, ఏదైనా సరే, అడుగున్నర ఎత్తు వుంటే సరిపోతుంది. గుండ్రంగానే ఎందుకంటే, మూలలు వుంటే చలివేసిన పిల్లలు మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి అడుగువి ఊపిరాడక చస్తాయి. మూడు నాలుగు రోజులకొకసారి దడిని వెడల్పు చేస్తూపోవాలి. నేలమీద రెండంగుళాల మందాన ఎండిన వరిఊక పరచాలి. మన మెట్టలో వేరుశనగ తొక్క దండిగా దొరుకుతుంది. దానిని కూడా దంచి వాడుకోవచ్చు. అయితే బూజు వాసన వచ్చేదాన్ని దగ్గరకు రానీయకూడదు. ఆ బూజు పిల్లల ఊపిరితిత్తులలో చేరి చంపుతుంది. రంపపు పొట్టు వద్దు, మేత అనుకొని తింటాయి. మొదటి రెండు రోజులు ఊకపైన పాత గోనెపట్టా పరచడం మేలు. నున్నని కాగితం మీద కాళ్ళు జారి, పిల్లలు కాళ్ళు చాపి పడిపోతాయి.

ఇక వేడి. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున, ఊకకు రెండంగుళాల పైన, 95 డిగ్రీలు (35 సెంటీగ్రేడ్) వుండాలి. ఆ పైన వారానికి 5 డిగ్రీలు చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన యాభై పిల్లలకు నూరు క్యాండిల్ల బల్బు అని మనం పిలిచే 100 వాట్ల బల్బు సరిపోతుంది. దానికంటె రెండు 60 వాట్ల బల్బులు మంచిది, ఒకటి మాడినా రెండోది వుంటుంది. బల్బును వెదురు గంప బోర్లించి దాని లోపల, నేలకు అడుగున్నర ఎత్తున వేలాడదీయాలి. గంప అంచు కింద రెండు ఇటుకలు పెడితే పిల్లలు తిరగడానికి దారి వుంటుంది. ఇక్కడ ఒక మాట. ఇప్పుడు ఇళ్ళలో వెలిగే ఎల్‌ఇడి బల్బులు వెలుతురు ఇస్తాయే గాని పిల్లలకు చాలినంత వేడి ఇవ్వవు. గది నిండా వెలుగు చూసి వెచ్చగా వుందనుకుంటే తెల్లవారేసరికి పిల్లలు ముడుచుకుపోయి వుంటాయి. పాత రకం తీగ బల్బు అడిగి తెచ్చుకోవాలి.

కరెంటు పోతే ఏమిటి? మన వైపు గాలివానకు ముందు పోయేది అదే. నిప్పులను కుండలో వేసి, పైన బూడిద కప్పి, బొక్కలున్న మూత పెట్టి, పిల్లలు తాకకుండా చుట్టూ ఇటుకలు పేర్చితే నాలుగైదు గంటలు వెచ్చదనం వుంటుంది. అంతకంటె భయం లేనిది వేడినీళ్ళ సీసాలు. బిరడా బిగించి, గోనెగుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టాలి, రెండు గంటలకొకసారి మార్చాలి. కుంపటి పెట్టిన గది తలుపులు, కిటికీలు మాత్రం మూయకూడదు. బొగ్గుల నుండి వచ్చే విషవాయువుకు రంగూ వాసనా లేవు. పిల్లలతో పాటు అదే గదిలో పడుకున్న మనుషులకూ ప్రాణాపాయం.

వేడి చాలిందో లేదో చూడడానికి ఉష్ణమాపకం లేకపోయినా నష్టం లేదు. పిల్లలే చెబుతాయి. దీపం కిందకు గుంపుగా చేరి, ఆపకుండా గట్టిగా కూస్తుంటే చలి. దీపానికి దూరంగా దడికి ఆనుకొని, ముక్కు తెరిచి రొప్పుతూ, రెక్కలు వేలవేస్తే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఆవలి పక్కనుండి ఈదురుగాలి వస్తోందన్నమాట, కంతను వెతికి మూయాలి. అంతటా పరుచుకొని, కొన్ని తింటూ, కొన్ని కాళ్ళు చాపి నిద్రపోతూ, సన్నగా కిచకిచలాడుతూ వుంటే అన్నీ సరిగా వున్నట్లే. ఈ నాలుగు గుర్తులు తెలిసిన ఇల్లాలికి పుస్తకం అక్కరలేదు.

ఈ చూపు ఎప్పుడు చూడాలన్నదే పాడి ఇళ్ళలో చిక్కు. రాత్రంతటిలోకీ చలి ఎక్కువగా వుండేది తెల్లవారుజామున. సరిగ్గా ఆ వేళకే మనం కొట్టంలో బర్రె దగ్గర వుంటాం, ఆ తర్వాత పాలు తీసుకొని కేంద్రానికి పోతాం. రాత్రి పెట్టిన కుండలో నిప్పు ఆరేది కూడా అప్పుడే. కనుక పాలు పితకడానికి లేచిన వెంటనే, చెంబు చేత పట్టకముందే ఒక్కసారి పిల్లల వైపు చూడాలి. కూత వింటే చాలు. గట్టిగా అరుస్తుంటే నిప్పు మార్చి గాని కొట్టంలోకి పోకూడదు. పాలు పోసి వచ్చిన తర్వాత చూద్దామనుకున్న గంట చాలా ఇళ్ళలో పది పిల్లల ఖరీదు.

పిల్లలు రాగానే మేత కాదు, నీళ్ళు పెట్టాలి. గోరువెచ్చని నీటిలో కొద్దిగా బెల్లం కలిపి, ఒక్కొక్క పిల్ల ముక్కును నీటిలో ఒకసారి ముంచి వదిలితే తాగడం నేర్చుకుంటుంది. పళ్ళెం లోతుగా వుంటే మునిగి చస్తాయి. గులకరాళ్ళు వేసి లోతు తగ్గించాలి. రెండు గంటలు నీళ్ళు తాగిన తర్వాత సజ్జ, మొక్కజొన్న నూక చల్లాలి. రెండవ రోజునుండి పిల్లల దాణా పెట్టాలి. యాభై పిల్లలకు మొదటి నాలుగు వారాలకు ఇంచుమించు 50 కిలోల బస్తా ఒకటి సరిపోతుంది. ఇది ఖర్చే, కాని పిల్లల వయసులో మేత దగ్గర పొదుపు చేసిన కోడి గుడ్డు దగ్గర ఆ లోటు చూపిస్తుంది.

పశువుల దాణా మిగిలింది గదా అని పిల్లలకు వేయడం కొందరి అలవాటు. ఇది తగదు. పశువుల దాణాలో పీచు ఎక్కువ. కొన్ని దాణాలలో యూరియా కూడా కలుపుతారు. నెమరువేసే బర్రె దానిని మాంసకృత్తులుగా మార్చుకోగలదు, కోడికి ఆ శక్తి లేదు. వేరుశనగ చెక్క విషయంలోనూ జాగ్రత్త అవసరం. తడిసి బూజుపట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం వుంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు (టర్కీ కోళ్ళు) చచ్చిపోగా, బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజే కారణమని తేలింది. ఈ విషం మొదట బయటపడింది అక్కడే. బర్రెకు పెట్టినా పాలలోకి వచ్చేది కనుక బూజుచెక్కను ఎవరికీ పెట్టకూడదు.

ఏ నెలలో పిల్లలను తేవాలి? మన మెట్టకు సంక్రాంతి వెళ్ళిన తర్వాత అనువైన కాలం. వానలు వెనుకపడి వుంటాయి, ఎండలు ముదిరేసరికి పిల్లలకు ఈకలు వచ్చి వుంటాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల ముసురులో తెచ్చినవాటికి ఊక తడిసి, మూడు నాలుగు వారాల వయసులో నెత్తుటి పారుడు వస్తుంది. రెట్టలో రక్తం కనబడిన రోజే తడి ఊక మొత్తం తీసివేసి పశువైద్యుని సలహాతో మందు నీటిలో కలిపి పట్టాలి. ఆలస్యం చేస్తే మిగలవు. ఏప్రిల్, మే నెలలలో ఉదయగిరి కొండ పక్కన పగలు ఎండ 40 సెంటీగ్రేడు దాటుతుంది. పిల్లకు కావలసిన 35కు అది ఎక్కువే. అప్పుడు పగటిపూట దీపం ఆర్పి, పిల్లలను రేకుల కొట్టంలో కాక కప్పుటింట్లో వుంచి, నీళ్ళు మూడు నాలుగుసార్లు మార్చాలి. రాత్రి మళ్ళీ దీపం అవసరమో కాదో పిల్లలను చూసి నిర్ణయించుకోవాలి.

టీకాల మాట చెప్పకుండా విడవలేము. కొక్కెర తెగులుకు 5 నుండి 7 రోజుల మధ్య లసోటా చుక్క ఒకటి కంటిలో గాని ముక్కులో గాని వేయాలి. 14వ రోజున గంబోరో టీకా, 28వ రోజున మళ్ళీ లసోటా, ఎనిమిది వారాలకు ఆర్.2.బి. సూది. లసోటా సీసా చిన్నదైనా సాధారణంగా నూరు పిల్లలకు సరిపోతుంది. కలిపిన రెండు గంటలలో వాడాలి, మంచుగడ్డలున్న ఫ్లాస్కులోనే తేవాలి. ఇరవై, ముప్పై పిల్లలున్న ఇల్లు తన కోసం సీసా తెచ్చి మిగిలింది పారబోయడమేల? పాల కేంద్రం దగ్గర రోజూ కలుసుకునే మనకు నలుగురు ఒకేరోజు పిల్లలను తెచ్చుకొని, ఒకే సీసాతో ఒకే సాయంత్రం చుక్కలు వేయించుకోవడం కష్టమైన పని కాదు. సంఘం అంటే పాలు పోయడానికే అని ఎక్కడా రాసిలేదు.

చనిపోయిన పిల్లలను దొడ్డివెనుక పారేయకుండా సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్ళు చనిపోతే, భోపాల్ ప్రయోగశాల పరీక్షలో బర్డ్ ఫ్లూ అని తేలింది. పెద్దకోళ్ళు ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చస్తే చేతులతో తాకకుండా వెంటనే పశువైద్యశాలకు కబురు చేయాలి. సంతలో కొన్న కోడిని పిల్లల దగ్గరకు వదలడం ఏనాడూ మంచిది కాదు.

ఇంట్లో పొదుగు మీద వున్న నాటు పెట్ట వుంటే పది పన్నెండు పిల్లలను రాత్రి చీకట్లో దాని రెక్కల కింద మెల్లగా తోసి చూడండి. తెల్లవారేసరికి తనవే అనుకొని తిప్పుకుంటుంది. మిగిలినవాటికి అయిదో వారంలో దీపం తీసివేయవచ్చు, ముసురు వుంటే మరో వారం ఆగాలి. ఆరు వారాలు నిండిన తర్వాత ఎండ తగ్గిన సాయంత్రం వేళ గంటసేపు దొడ్డిలోకి వదిలి, చీకటి పడకముందే లోపలికి చేర్చుకోవాలి. మొదటి నాలుగు రోజులు కాపలా వుంటే చాలు, తర్వాత అవే దారి పట్టి వస్తాయి.