గొడ్డు చెప్పదు, మనమే కనిపెట్టాలి

నిన్న ఈనిన గేదె ఇవాళ పడిపోయింది. లేవదు, మేయదు. మెడ డొక్క వైపు తిప్పేసుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఆశ వదిలేసుకునే వేళకు పశువుల డాక్టరు వచ్చాడు. జబ్బు పేరు పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం కాలదు. ఒంట్లోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోవడంతో వచ్చే చిక్కు ఇది. మెడ నరంలోకి కాల్షియం ఎక్కిస్తూనే గుండె చప్పుడు వింటుండాలి. తొందరపడితే గుండె ఆగిపోవచ్చు. నిదానంగా ఎక్కిస్తే చాలాసార్లు కాసేపటికే గేదె లేచి నిలబడుతుంది.

జంతువులతో ఉద్యోగమంటే కుక్కపిల్లల్ని ముద్దు చేయడమే అనుకునేవాళ్లు ఒక్కసారైనా ఇది చూడాలి. ప్రేమ ఉండాల్సిందే. అయితే ఈ పనిలో అన్నం పెట్టేది చూపు. నెమరు వేస్తోందా, ముట్టె తడిగా ఉందా, పేడ ఎలా ఉంది... రోగి చెప్పని సంగతులన్నీ ఇక్కడే దొరుకుతాయి.

చదువు దారి

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు పశువైద్య కోర్సు బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పేరిట పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. పట్టా చేతికొచ్చాక సర్కారు ఆసుపత్రులు, డెయిరీలు, కోళ్ల పరిశ్రమ, 1962కి ఫోన్ చేస్తే ఊరికి వచ్చే సంచార వైద్యశాలలు, సొంత క్లినిక్... దారులు చాలానే. పదో తరగతితోనే ఈ రంగంలోకి రావాలంటే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది.

ఊళ్లో సూది, జూలో చూపు

పాడి ఊళ్లలో రోజూ వినిపించే పేరు గోపాలమిత్ర. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచిన వీర్యం స్ట్రాను గోరువెచ్చని నీటిలో కరిగించి, ఎదకొచ్చిన పశువుకు వేసేది ఇతనే. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అరుపులు వినిపించవు. అదను తప్పితే మరో 21 రోజులు ఆగాలి. రైతుకు ఆ మేత ఖర్చంతా దండగే.

జూ కీపరుకు వేరే పరీక్ష. అడవి జంతువు జబ్బును దాచుకుంటుంది. పులి రోజూ తినే మాంసంలో ఇవాళ కాస్త వదిలేసిందంటే డాక్టరుకు మొదటి కబురు వెళ్లేది అతని నుంచే. హైదరాబాద్ నెహ్రూ జూలో సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో పెంచిన మూషిక జింకలు అమ్రాబాద్ అడవికి చేరాయంటే, అందులో ఇలాంటి సిబ్బంది కష్టం కూడా ఉంది. మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకిచ్చే శిక్షణలోనూ అంతే. కుక్కతోపాటు దాన్ని నడిపించే పోలీసూ నేర్చుకుంటాడు.

ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలు దరఖాస్తుకు ముందు ఓ పొద్దున దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లి కూర్చోవాలి. పేడ వాసనకు ముక్కు మూసుకుంటే కోర్సులు ఇంకా చాలానే ఉన్నాయి. దీనికేమైందని ముందుకు వంగి చూస్తే మాత్రం అమ్మానాన్నలూ, అడ్డు చెప్పకండి.