వంతెన కింద దారి

సంగారెడ్డి ప్రాంతంలో పుట్టి పెరిగిన మాకు పడవ అంటే చేపలు పట్టేవాళ్ల పుట్టి. వంతెన అంటే మా బస్సు దాటిపోయేది. వంతెన కింద కూడా ఒక దారి ఉంటుందని మాకు తెలిసింది పి.జి. చదివే రోజుల్లో మిత్రులందరం కలిసి ధవళేశ్వరం వెళ్లినప్పుడు. ఆ సంగతి మన హాస్టల్ తమ్ముళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గోదావరిపై కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నుండి తీసిన పెద్ద కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా పనికివచ్చాయి. గోదావరి కాలువ, కృష్ణ కాలువ ఏలూరులో కలుస్తాయి. అక్కడి నుండి కృష్ణా డెల్టా దాటితే బకింగ్‌హాం కాలువ. అంటే కాకినాడలో పడవ ఎక్కి మద్రాసు దాకా పోయే వీలుండేది.

నేల వాలుగా ఉంటే నీరు పరుగెత్తుతుంది, పడవ ఎదురు పోలేదు. అందుకే కాలువను మెట్లుమెట్లుగా చేసి, మెట్టుకొక లాకు కట్టారు. రెండు తలుపుల మధ్యకు పడవ రాగానే వెనుక తలుపు మూసి, నీటిని నింపుతారు లేదా వదులుతారు. నీటిమట్టం సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు. పడవను ఎవరూ ఎత్తనక్కరలేదు, నీరే ఎత్తుతుంది.

లాకు దగ్గర వంతు కోసం ఆగాలి కాబట్టి అక్కడ రేవు ఏర్పడింది. వంతెన ఉన్నచోట బండ్లు వచ్చి సరుకు దింపేవి కాబట్టి అక్కడా పడవలు ఆగేవి. ఆగడానికీ పద్ధతి ఉంది. లాకు నోటికి, వంతెన కమానుకు అడ్డంగా పడవ కట్టకూడదు. తాడు మరీ బిగించకూడదు. నీరు తగ్గితే బిగించిన పడవ ఒరిగిపోతుంది.

గాలి లేనప్పుడు మనుషులు గట్టుమీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. కాబట్టి వంతెన కట్టేవాడు రెండు చూడాలి. సరుకుతో వచ్చే పడవ తగలనంత ఎత్తు ఉండాలి. తాడు లాగే మనిషి నడవడానికి కింద గట్టు ఉండాలి. ఈ రెండూ లేని వంతెన పైవాళ్లకు దారి, కిందివాళ్లకు గోడ.

తర్వాత రైళ్లు, లారీలు వచ్చాయి, పడవలు తగ్గాయి. పడవలు లేవు కదా అని చాలాచోట్ల వంతెనలు తక్కువ ఎత్తులో కట్టారు. ఒకప్పుడు శ్రీహరికోట నుండి మద్రాసుకు వంటచెరకు మోసిన బకింగ్‌హాం కాలువలో, 1990లలో నగర రైలుమార్గం స్తంభాలే పాతారు. 2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి దాకా ఈ కాలువలన్నీ నాలుగో జాతీయ జలమార్గంలో చేరాయి. కానీ ప్రకటనతో పడవ కదలదు. అడ్డమున్న వంతెనలను ఎత్తు పెంచి కట్టాలి.

ఇదంతా మనకెందుకు అనవచ్చు. మన పటాన్‌చెరు నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే ధవళేశ్వరం చేరుతుంది. ఫ్యాక్టరీల మురుగునీటిపై ఇక్కడి పల్లెల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయినా నక్కవాగు వంతెన మీద మనం ముక్కు మూసుకుని ఊరుకుంటాం. వంతెన దాటితే వాసన పోతుంది. వాగు పక్క పొలం ఉన్నవాడికి పోదు. అలాంటి పొలాల నుండి వచ్చినవాళ్లు మన గదుల్లోనే ఉన్నారు.

తమ్ముళ్లారా, మీలో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివేవాళ్లున్నారు. రేపు ఒక కల్వర్టుకో వంతెనకో మీరే సంతకం పెట్టవచ్చు. పైన ఎన్ని బండ్లు పోతాయో లెక్క కాగితంలో ఉంటుంది. కింద ఎవరు పోతున్నారో, ఏం పారుతోందో కాగితంలో ఉండదు. ఆరోజు గట్టు దిగి ఒక్కసారి చూడండి.