రంగూను రేవులో మన కూలీలు

గజపతినగరం చంపావతీ తీరాన ఉన్న ఊరు. ఇక్కడినుండి విజయనగరం మీదుగా పోతే భీమునిపట్నం, విశాఖపట్నం రేవులు ఎంతో దూరం కావు. ఈ ప్రాంతమంతా పూర్వపు విశాఖపట్నం జిల్లాలోనిది. ఆ జిల్లానుండీ, దానికి ఉత్తరాన ఉన్న గంజాం జిల్లానుండీ ఏటేటా వేలాదిమంది ఓడలెక్కి బర్మాకు కూలికి పోయేవారు. రంగూనును వారు 'రంగం' అన్నారు. వానలు తప్పిన యేట, అప్పు తీరని యేట, మేస్త్రీ ఇచ్చిన బయానా ఇంటివారి చేతిలో పెట్టి ఓడ డెక్కుమీద చోటు చూచుకొనడం ఆనాడు వింత కాదు. నాలుగు రాళ్ళు కూడబెట్టుకొని తిరిగి రావడమే వారి సంకల్పం. అక్కడి రాజకీయాలతో తమకు నిమిత్తం లేదనుకొన్నారు. ఆ రాజకీయాలకు తమతో నిమిత్తం ఉన్నదని 1930 మే నెలలో తెలిసివచ్చినది.

చట్టరీత్యా ఆనాటి రంగూను పరదేశం కాదు. 1937 ఏప్రిల్ 1న వేరుపడేవరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రమే. నగర జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి మించి భారతీయులే. బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోసినవారిలోనూ, రిక్షాలు లాగినవారిలోనూ తెలుగువారే హెచ్చు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరుమీదుగా వారికి 'కొరంగీలు' అన్న పేరు వచ్చినది. అయితే బర్మీయుడి కంటికి ఈ దృశ్యం వేరుగా కనిపించినది. తన దేశపు ముఖ్యపట్టణంలో తానే అల్పసంఖ్యాకుడైనాడు. భూమి పోయిన రైతు పని వెదకుకొంటూ పట్నం వస్తే, ఆ పని అప్పటికే పరాయివాని చేతిలో ఉన్నది.

1930 మే 5న గాంధీ మహాత్ముని అరెస్టు చేశారు. ఆ రోజే పెగూ భూకంపం రంగూనును సైతం వణికించినది. ఆ అలజడి చల్లారకముందే రేవుకూలీలు కూలి పెంచవలెనని సమ్మె కట్టారు. ఓడల సరుకు దించే కంట్రాక్టుదారులు బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. కొన్నాళ్ళకు రాజీ కుదిరినది. తెలుగువారిని తిరిగి పిలిచారు. పనిలోనికి తీసికొన్న బర్మీయుల గతి ఏమి కావలెనన్న ఆలోచన మాత్రం ఎవరికీ కలుగలేదు.

మే 26 ఉదయం ఉభయులూ రేవుకు వచ్చారు. మీరు అక్కరలేదు పొమ్మనిపించుకొన్న బర్మీయులను చూచి ఇవతలివారు నవ్వారంటారు. ఆ నవ్వు దెబ్బలాటగా, దెబ్బలాట ఊచకోతగా మారినది. కొన్ని దినాలపాటు వీధుల్లో తెలుగు కూలీలను వెదకి వేటాడారు. వందమందికి పైగా హతులైనారు. గాయపడినవారు అనేక వందలు. బతికినవారు గదులకు గడియలు పెట్టుకొని దాగినారు. వేలాదిమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకొన్నారు. ఓడలు సరుకుతో నిలిచిపోయినవి, రిక్షాలు కదలలేదు. తన బరువు మోస్తున్నవారు ఎవరో నగరానికి అప్పుడు తెలిసినది. నాటి రంగూను జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ ఈ ఘోరాన్ని తరువాత 'ట్రయల్స్ ఇన్ బర్మా' అనే గ్రంథంలో వర్ణించాడు.

ఇందులో విచారింపదగిన విషయం ఒకటి ఉన్నది. కొట్టినవాడూ కూలివాడే, చచ్చినవాడూ కూలివాడే. ఒకడు అప్పు తీర్చుకొనడానికి సముద్రం దాటి వచ్చాడు. ఒకడు భూమి పోగొట్టుకొని పల్లె విడిచి వచ్చాడు. ఇద్దరి కడుపూ ఆ ఓడ బస్తాలమీదనే ఆధారపడి ఉన్నది. వారిలో ఒకరిని చూపి ఒకరి కూలి తగ్గించగలిగినవారు ఆ ఉదయం రేవులో లేరు. మేస్త్రీకి కమీషను, కంట్రాక్టుదారునకు లాభం, ఓడల కంపెనీకి చౌక కూలి ముట్టినవి. పగ మాత్రం కూలీలకు మిగిలినది.

ఆ పగ అంతటితో చల్లారలేదు. 1938లో నగరంలో మరల అల్లర్లు చెలరేగినవి. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు కాలినడకన కొండలు, అడవులు దాటి స్వదేశం చేరబోయారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేసిన పిమ్మట మిగిలినవారిలో చాలామంది వచ్చివేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ రాకకు నేటికీ గుర్తుగా నిలిచి ఉన్నది.

ఉత్తరాంధ్ర యువకులు నేడు కూడా పనికోసం దూరదేశాలకు పోతూనే ఉన్నారు. రేవుకు బదులు విమానాశ్రయం, మేస్త్రీకి బదులు ఏజెంటు వచ్చారు. పోయేవాడు జీతమెంతో విచారించుకొంటాడు, అది న్యాయమే. తాను చేయబోయే పనిని నిన్నటిదాక ఎవడు చేసెనో, వాడు ఏమైనాడో కూడా విచారించుకొనడం అవసరమని రంగూను రేవు చెబుతున్నది.